గుంజ పీకేసిన చోటు

గుంజ పీకడానికి వచ్చినవాళ్ళకి గ్లెనబా కాఫీ కాచి ఇచ్చింది. నూనెలో రొట్టెలు వేయించి పెట్టింది. వాళ్ళు తిన్నారు, చేతులు ప్యాంట్లకి తుడుచుకున్నారు, బండ అంచుకి నడిచారు. ఆవిడ పెనిమిటి బతికున్న రోజుల్లో చుట్టూ రాళ్ళు పేర్చి నిలబెట్టిన జూనిపర్ మాను గుంజ అది. దాన్ని అటూ ఇటూ ఊపి ఊపి, పాలపన్ను పీకినట్టు పీకేశారు. ముక్కలు నరికి తెచ్చి ఆవిడ వాకిట్లోనే పడేశారు.

"చలికాలం పొయ్యిలోకి పనికొస్తాయిలే పిన్నమ్మా" అన్నాడు కర్టిస్.

కర్టిస్ పరాయివాడేమీ కాదు. బయటివాళ్ళు నవాహోలంటారే, ఈ ఎడారి మూలవాసులు, ఆ డినే మనిషే. బండల చీలికలోకి సందర్శకుల్ని తిప్పే కంపెనీకి మేనేజరు. వచ్చీరాగానే తల్లి తెగ పేరూ తండ్రి తెగ పేరూ చెప్పి, వరస కలిపి, పిన్నమ్మని చేసుకుని మరీ కాఫీ తాగాడు.

"ఎందుకు నాయనా పీకడం?" అని ఆవిడ ఒక్కసారే అడిగింది.

"ఫొటోల్లో పడుతోంది. కింద నిలబడి పైకి తీస్తే ఆకాశం నడుమ ముల్లులా కనబడుతోంది. జనం అంతంత దూరాల్నించి వచ్చేది ఆ ఒక్క ఫొటో కోసమే కదా."

"ఊఁ" అంది గ్లెనబా. గిన్నెలో మిగిలిన కాఫీ కూడా అతని కప్పులోనే వొంపింది.

అన్యాయం జరిగేటప్పుడు అరుపులూ కేకలూ వినబడతాయనుకుంటాం. చాలాసార్లు కాఫీ గుటకలే వినబడతాయి.

ఈ సంగతులన్నీ నాకు రోవీనా చెప్పింది. రోవీనా గ్లెనబా కూతురు, తెలుగునేల వదిలొచ్చి నేను పాఠాలు చెప్పే ఇక్కడి బడిలో వంట చేస్తుంది. కొన్ని గ్లెనబా నోటే విన్నాను. కొన్ని ఆవిడ అల్లుడు లైమన్ చెప్పాడు, అతను ఆ కంపెనీలోనే గైడు.

గ్లెనబా ఉండేది చీలికకి ఎగువన, ఎండు వాగు ఒడ్డున. హోగన్ అని పిలిచే మట్టి కప్పిన గుండ్రటి ఇల్లు, మేకల దొడ్డి, కాస్త ఎడంగా కూతురూ అల్లుడూ ఉండే ట్రైలర్ ఇల్లు. ఆ మేత నేల ఆవిడకి తల్లినుంచి వచ్చింది, తల్లికి ఆమె తల్లినుంచి. వాగులో నీళ్ళు పారే రోజులు తక్కువ. మిగతా అన్ని రోజులూ అది మేకలు నడిచే ఇసక దారి. దిగువకి పోయేకొద్దీ రెండు పక్కలా బండలు లేస్తాయి, దగ్గరికి జరుగుతాయి, చివరికి మనిషి రెండు చేతులూ బారచాపడానికి వీల్లేనంత ఇరుకైపోతుంది. అదే చీలిక. తాటిచెట్టంత లోతు. లోపల గోడలు కవ్వంతో చిలికినట్టు సుడులు తిరిగి ఉంటాయి, ఎండ పడితే నిప్పుకణికల రంగు తిరుగుతాయి. వాటిని చెక్కింది నీళ్ళు. చెక్కడం ఇంకా అయిపోలేదన్న సంగతి ఫొటోలు తీసుకునేవాళ్ళకి తట్టదు. లోపల నడుస్తూ తలెత్తితే, నిచ్చెనేసినా అందని ఎత్తులో, రెండు గోడల మధ్యా అడ్డంగా ఇరుక్కున్న చెట్టు దుంగలు కనబడతాయి. వాటిని అక్కడ పెట్టిందీ నీళ్ళే.

వాన ఇక్కడ పడనక్కర్లేదు. తూర్పున కనబడీ కనబడని, నెత్తి చదునైన బల్లకొండ మీద మగవాన పడితే చాలు. ఉరుములతో, కక్ష తీర్చుకున్నట్టు కొట్టే వానని ఇక్కడ మగవాన అంటారు. ఆ నీళ్ళు బోడి బండల మీదనించి జారి, ఈ వాగులో పడి, చీలికలో దూరతాయి. చీలికలో ఉన్నవాడికి నెత్తిమీద పట్టె ముక్కంత నీలాకాశం కనబడుతూనే ఉంటుంది. పోయేటప్పుడు కూడా అదే కనబడుతుంది.

అందుకే గుంజ. చీలిక నడిమధ్యలో ఒకచోట గోడలు కాస్త ఎడమై గదిలా ఉంటుంది. సరిగ్గా దానిపైన, బండ అంచున, ఆ గుంజ ఉండేది. బల్లకొండ మీద నల్లబడినా, వాగు ఇసక తడిబారినా, గ్లెనబా అడ్డదారిన నడిచి వెళ్ళి దానికి ఎర్ర దుప్పటి కట్టేది. సందర్శకుల్ని తెచ్చే గైడ్లు గదిలోకి రాగానే తలెత్తి చూసేవాళ్ళు. దుప్పటి ఉంటే అక్కణ్ణించే వెనక్కి. మొదట్లో దిగువన మేకలు కాసే పిల్లల కోసం కట్టేవాళ్ళట. మనుషులు టికెట్టు కొని దిగడం మొదలయ్యాక మనుషుల కోసం కట్టింది. ఆవిణ్ణి ఎవరూ ఆ పనిలో పెట్టలేదు. ఎవరూ మెచ్చుకోలేదు కూడా.

ఫొటో అన్నది పైకి చెప్పిన మాట. అసలు సంగతి, దుప్పటి ఎగిరిన రోజున టికెట్లు వాపసు చెయ్యాలి. వానాకాలంలో ఆవిడ తరచు కట్టేది. కట్టిన ప్రతిసారీ వరద రాలేదు. "ముసల్ది ఊరికే బెదరగొడుతోంది" అన్నారు. అంతకు ముందే గ్రామసభలో ఆవిడ లేచి, గదిలోంచి పైకి ఒక ఇనుప నిచ్చెన బిగించమనీ, ప్రమాదమప్పుడు కూసే సైరన్ పెట్టమనీ అడిగింది. "వచ్చే ఏడు చూద్దాం" అన్నారు. ఆ వచ్చే ఏడు ఇప్పటికీ రాలేదు.

ఇక ఆవిడ మువ్వల సంగతి. డినేల్లో అత్త ముఖం అల్లుడు చూడకూడదు, అల్లుడి ముఖం అత్త చూడకూడదు. చూస్తే కళ్ళు పోతాయంటారు. వైరం కాదది, మర్యాద. అత్తని వాళ్ళ మాటలో 'కనబడని మనిషి' అనే అంటారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఈ పట్టింపు లేదు, అత్తా అల్లుడూ ఒకే ట్రక్కులో పక్కపక్కన కూచుని బజారుకి పోతున్నారు. కానీ గ్లెనబా పాతకాలం మనిషి. లైమన్‌ని పెంచిన అమ్మమ్మ అంతకంటే పాతకాలం మనిషి. పెళ్ళినాడు గ్లెనబా తన తల్లి పెట్టుకున్న వెండి మువ్వల్ని తీసి నడికట్టు కుచ్చులకి కుట్టుకుంది. ఆ మువ్వలు వినబడితే లైమన్ టోపీ కళ్ళమీదికి లాక్కుని, ముఖం తిప్పుకుని, దారి తప్పుకోవాలి.

ఇద్దరి మధ్యా మాటలు నడిపేది కుక్క. దాని పేరు షాష్, అంటే ఎలుగుబంటి. గుంజ పీకిన రోజు సాయంత్రం లైమన్ ట్రైలర్ వెనకాల నీళ్ళ పీపా దింపుతుంటే, గ్లెనబా హోగన్ గుమ్మానికి దుప్పటి జార్చి, లోపల్నించి మొదలెట్టింది.

"ఒరే షాషూ, విన్నావా? అల్లుడుగారు పనిచేసే చోట గుంజ పీకేశార్ట. అల్లుడుగారు గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డార్ట."

లైమన్ వాగు వైపు తిరిగి జవాబిచ్చాడు. "షాష్, ఆవిడతో చెప్పు, నేనక్కడ లేనని. ఉంటే ఏం చేసేవాణ్ణో కూడా అడిగిపెట్టు. గుంజని కావిలించుకుని ఏడవనా?"

"రేపు మబ్బు పడితే కబురెట్టా చెప్పాలో అడుగు. నిన్ను పంపనా, తోకూపుకుంటూ?"

"కంపెనీవాళ్ళు ఫోన్లో వాన కబురు చెప్తామన్నారని చెప్పు."

"ఆ బండల్లో ఫోను మోగదని కుక్కక్కూడా తెలుసు!"

"అందుకే దిగేముందు ఆకాశం చూసుకుంటానని చెప్పు."

"ఏ ఆకాశం? నెత్తిమీదదా? బల్లకొండ మీది ఆకాశం కింద నిలబడ్డవాడికి ఔపిస్తుందా? అడుగు షాషూ, నోట్లో ఎముకుందేంట్రా, అడుగు!"

షాష్ నోట్లో నిజంగానే ఎముక ఉంది. ట్రైలర్ మెట్లమీద మొక్కజొన్న ఒలుస్తున్న రోవీనా నవ్వాపుకోలేకపోయింది. "ఈ కుక్క పోయిందంటే మీరిద్దరూ మూగాళ్ళైపోతారు. ముఖాలు చూసుకోకూడదన్న ఆ కట్టు విప్పే తతంగమేదో ఉందిగా, చేయించేసుకోరాదూ? ఒక పూట పాటలు పాడించుకుంటే సరిపోయేదానికి."

"చలికాలంలో చూద్దాం" అంది గ్లెనబా లోపల్నించి.

"చలికాలంలో చూద్దాం" అన్నాడు లైమన్ బయటనించి. ఇద్దరూ ఒకే మాట అన్నది ఆ రోజు అదొక్కటే.

లైమన్ మంచి గైడు. చీలిక నోటి దగ్గర ఆగి, చిటికెడు మొక్కజొన్న పుప్పొడి చల్లి, పెదాలు కదిపి, అప్పుడే లోపలికి అడుగేసేవాడు. 'వరద' అన్న మాట మాత్రం లోపల అనేవాడు కాదు. రావద్దనుకున్నదాని పేరెత్తితే పిలిచినట్టేనని వాళ్ళ నమ్మకం. అందుకని ఒక ఉపాయం పెట్టుకున్నాడు. గదిలో ఒక పక్క గోడకి మనిషెత్తుకి పైన బండ అరుగు ఉంది, ఎక్కితే నీళ్ళకి అందదు. లోపల అలాంటి చోటు అదొక్కటే. గదిలోకి వచ్చిన ప్రతి మనిషినీ, "ఫొటో ఇక్కణ్ణించైతేనే బాగా వస్తుంది" అని దానిమీదికి ఎక్కించేవాడు. ఎవరి కాలు ఎక్కడ పెట్టాలో, ఎవరికి ఎవరు చెయ్యివ్వాలో అంతా ఫొటో వంకతోనే నేర్పేవాడు. నేర్చుకున్నామని వాళ్ళకి తెలిసేది కాదు.

గుంజ ఉన్న రోజుల్లో మువ్వలు పైన వినబడితే అతను కదిలేవాడు కాదు. టోపీ దించుకుని, మువ్వల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి, అప్పుడు తలెత్తేవాడు. దుప్పటి ఉంటే తిరుగుముఖం. మువ్వలూ దుప్పటీ కలిస్తే ఒక కబురు. కర్టిస్ పీకించింది కట్టె ఒక్కటే అనుకున్నారు అందరూ. సగం కబురు పీకేశాడు. మిగిలిన సగానికి ఇప్పుడొకటే అర్థం: అత్త వస్తోంది, తప్పుకో.

వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన కొత్తల్లో జరిగిందిది. పొద్దుటినించీ ఆకు కదల్లేదు. రోవీనా ట్రక్కు వేసుకుని బడికొచ్చేసింది. మధ్యాహ్నం దాటాక, వాగులో మేస్తున్న మేకలు ఎవరూ తోలకుండానే గట్టెక్కి వచ్చి, దొడ్డి పక్క మెరక మీద ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. షాష్ మూలిగింది. నేతమగ్గం ముందున్న గ్లెనబా బయటికొచ్చి కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నెత్తిమీద సూర్యుడు తెల్లగా కాలుతున్నాడు. దూరాన బల్లకొండకి మాత్రం నల్లటి కాళ్ళు మొలిచాయి. మబ్బునించి నేలదాకా దిగిన వాన కాళ్ళు. ఉరుము వినబడలేదు. మెరుపు వైపు చూడకూడదని ఆవిడ తల దించుకుంటే, వాగు ఇసక మీద నురగ నాలిక కనబడింది. చాలా సన్నది. పుల్లల్నీ మేక పెంటికల్నీ ముందుకి తోసుకుంటూ, తొందరేమీ లేనట్టు, కిందికి పోతోంది.

దాని వెనకాల ఏం వస్తుందో ఆవిడకి తెలుసు. లైమన్ చీలికలో ఉన్నాడనీ తెలుసు.

ఎర్ర దుప్పటి భుజాన వేసుకుని అడ్డదారి పట్టింది. వాగు మెలికలు తిరుగుతూ పోతుంది, అడ్డదారి తిన్నగా గది అంచుకే పోతుంది. ఆ వయసులో ఆవిడ పరిగెత్తడం చూసినవాళ్ళు లేరు. సగం దారిలో గుర్తొచ్చింది, కట్టడానికి గుంజ లేదని. 'చేత్తో పట్టుకునైనా అంచుమీదనించి వేలాడదీస్తా' అనుకుంది. నడుముకి మువ్వలు గలగలమంటున్నాయి. వాటి సంగతి తట్టలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినించీ ఎవరో ఒకరి మువ్వల చప్పుడు వింటూ పెరిగిన మనిషికి అది చప్పుడే కాదు.

కింద గదిలో లైమన్‌తో ముగ్గురున్నారు. ఒక పెద్దావిడ, కొడుకు, కోడలు. కొడుకు మెళ్ళో కెమెరా. లోపలికి రాగానే లైమన్ అలవాటుకొద్దీ తలెత్తాడు. ముల్లు లేని నీలాకాశం. "ఫొటోకి భలే ఉంది" అన్నాడు కొడుకు. పెద్దావిణ్ణి అరుగెక్కించడానికి లైమన్ చేతులు దోసిలి పట్టాడు. ఆవిడ ఒక పాదం ఆ దోసిట్లో పెట్టింది.

పైన మువ్వలు వినబడ్డాయి.

"అమ్మా, దిగండి, కాసేపాగి మళ్ళీ ఎక్కుదురుగాని" అని లైమన్ టోపీ ముక్కుదాకా లాక్కున్నాడు.

"ఏమైంది బాబూ?" అంది పెద్దావిడ.

"మా అత్తగారొస్తున్నారు."

"మంచిదేగా, పలకరిద్దాం!"

"మా అత్తగారిని పలకరించాలంటే ముందు నా కళ్ళు మీకిచ్చి వెళ్ళాలండీ. పదండి, ఆ మలుపు దాటి నిలబడదాం. మేకేదో తప్పిపోయుంటుంది. ఆవిడ పోయాక వెనక్కొద్దాం."

ముగ్గురూ నవ్వారు. అతని వెనకాలే మలుపు తిరిగారు. మువ్వలకి దూరంగా, చీలికలోకెల్లా ఇరుకైన, గొంతులాంటి దారిలోకి. నీళ్ళొచ్చేదీ అటునించే.

గ్లెనబా అంచున మోకాళ్ళమీద కూలబడి దుప్పటి వేలాడదీసింది. గదిలో ఎవరూ లేరు. ఇసకమీద అప్పుడే పడ్డ అడుగులు మాత్రం ఉన్నాయి. అవి ఎటు పోయాయో చూసింది. ఎందుకు పోయాయో అప్పుడు అర్థమైంది. నడుముకి చెయ్యి పోయింది.

నడికట్టు విప్పి మువ్వల్తో సహా బండమీద పారేసింది. ఇప్పుడు చప్పుడు లేకుండా, అంచు వెంట, మాటలు వినబడే వైపు వెళ్ళింది. ఒకచోట చీలిక నోరు చాప పరిచినంత మేర తెరుచుకుంది. బోర్లా పడుకుని తల లోపలికి పెట్టింది. తన ఇంటికి ఇన్నేళ్ళుగా నీళ్ళు మోస్తున్న మనిషి తలని మొదటిసారి చూసింది. టోపీ మాత్రమే కనబడింది.

"లైమన్!"

పేరు పెట్టి పిలవడం కూడా అదే మొదలు. కింద నవ్వులు ఆగిపోయాయి.

"ఎవరూ... రోవీనా వాళ్ళమ్మా? మువ్వలేవండీ? ఆగండాగండి, ముఖం అడ్డం పెట్టుకుంటా..."

"పెట్టకు. పైకి చూడు!"

"మేక పడిందా? నే పట్టుకొస్తాగా. మీరు జరగండి. పాపం చుట్టుకుంటుంది, జరగండమ్మా!"

"చుట్టుకుంటే నాకే చుట్టుకోనీ. చూడరా నా మొహం!"

లైమన్ టోపీ వెనక్కి తోసి తలెత్తాడు. నీలాకాశపు పట్టెలో నెరిసిన జుట్టు వేలాడుతూ ముడతల ముఖం. నీళ్ళన్న మాట ఆవిడ అనలేదు. ఆ తరవాత అతను నాతో అన్నాడు: "అనక్కర్లేదండీ. ఊరికే చూపించుకునే ముఖమా అది? అటువంటి మనిషి ముఖం చూపించిందంటే, చావు దాని వెనకాలే ఉన్నట్టు."

"వెనక్కి! పరిగెత్తండి!" అని ముగ్గురిమీదా అరిచాడు లైమన్.

మలుపు తిరిగేసరికి చల్లటి గాలి వీపుకి తగిలింది. చీలికలో ఎప్పుడూ రాని గాలి. తడిసిన మట్టి, పెంట, విరిగిన జూనిపర్ కలిసిన వాసన. తరవాత రాళ్ళు దింపుతున్న లారీ చప్పుడు, ఆగకుండా. లైమన్ కొడుకుని ఎత్తి అరుగుమీదికి విసిరినట్టు ఎక్కించాడు, వెనకే కోడల్ని. పెద్దావిడ పాదం దోసిట్లో నిలవలేదు. వంగి, "వీపెక్కండి, భుజంమీద నిలబడండి, నా తల తొక్కండి ఫరవాలేదు!" అని అరిచాడు. ఆవిడ అతని తల తొక్కే పైకి పోయింది. అప్పటికి నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. నీళ్ళు కాదవి, బురదా దుంగలూ కలిసిన ముద్ద. గ్లెనబా అంచు వెంట గది మీదికి తిరిగొచ్చి, పైనించి దుప్పటి అరుగుమీదికి విసిరింది, కొడుకు దాని కొస కిందికి వదిలాడు, లైమన్ పట్టుకున్నాడు. మలుపులోంచి ఒక చెట్టు మొదలు వచ్చింది.

అరుగుమీది ముగ్గురూ బతికారు. నీళ్ళు తీశాక దిగువ నోటి దగ్గర వెతుకుతున్న గైడ్లకి బురదలో ముందు ఎర్ర రంగు కనబడింది. దుప్పటి చుట్టుకుని లైమన్ ఉన్నాడు. ఊపిరుంది. పక్కటెముకలు విరిగాయి, అతుక్కున్నాయి. కళ్ళలో ఇసకా గాజుపెంకుల్లాంటి రాతిపొడీ దిగబడ్డాయి. డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు. చూపు రాలేదు. ఎండలో నిలబడితే ఎర్రటి మసక తెలుస్తుందట, అంతే.

ఆ తరవాత జరిగింది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కంపెనీ విచారణ చేసి తేల్చింది: గైడు 'మూఢనమ్మకం' కొద్దీ సురక్షితమైన చోటు వదిలి వెళ్ళాడు. గుంజ మాటే లేదు. ఊళ్ళో జనం ఇంకో విధంగా తేల్చారు: అత్త ముఖం చూశాడు, కళ్ళు పోయాయి. చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ, నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ, తిరిగి తిరిగి నేరాన్ని ఆ ముసలామె ముఖంమీదే పెట్టారు. కర్టిస్ పిండి బస్తా తెచ్చి వాకిట్లో దించి, "నీ తప్పేం లేదు పిన్నమ్మా" అన్నాడు, తప్పు ఎవరిదో చెప్పకుండా. మరుసటి వారమే చీలిక తెరిచారు. ఇరుక్కున్న దుంగలు పైన ఇంకొన్ని చేరాయి, ఫొటోలకి బాగున్నాయట.

గ్లెనబా నెలల తరబడి ట్రైలర్ వైపు రాలేదు. మువ్వలు కుట్టుకోలేదు. "నేను చూపించాను, అతని కళ్ళు పోయాయి" అనేది, అంతకంటే ఒక్క మాట లేదు. మగ్గంమీద సగం నేసిన దుప్పటి అలాగే ఉండిపోయింది.

మొదటి మంచు పడ్డ రోజున లైమన్ రోవీనా భుజం పట్టుకుని హోగన్‌లోకి నడిచొచ్చాడు. గుమ్మంలో దుప్పటి జార్చి లేదు. గ్లెనబా మాంసం పులుసు కలుపుతూ బిగుసుకుపోయింది. షాష్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"షాష్" అన్నాడు లైమన్, "ఆవిడతో చెప్పు. ఇప్పుడు మా ఇద్దరికీ ఏ పాపమూ లేదు. ఆవిడ ఎంతసేపు ఎదురుగా కూచున్నా నాకు కనబడదు. తతంగం ఖర్చు కూడా మిగిలింది."

"సిగ్గులేకపోతే సరి" అంది గ్లెనబా. కుక్కతో కాదు. తరవాత చాలాసేపు ఏడ్చింది.

"ఆ మువ్వలు మళ్ళీ కట్టుకోండత్తా" అన్నాడు చివరికి. "అప్పుడు తప్పుకోడానికి విన్నాను. ఇప్పుడు మీరెక్కడున్నారో తెలియాలిగా."

నరికిన గుంజ ముక్కల్ని ఆవిడ పొయ్యిలో పెట్టలేదు. గోడవార పేర్చే ఉంచింది. ఆ చలికాలం కొత్త జూనిపర్ కొట్టించి, గది పైన, అదే చోట, మళ్ళీ పాతారు. రోవీనా పట్టుకుంది, లైమన్ తడుముకుంటూ రాళ్ళు పేర్చాడు, ఏ రాయి కదులుతుందో అరచేతికి తెలుస్తుందని చెప్పి పేర్చినవే రెండుసార్లు తీసి పేర్చాడు. అడుగున పాత ముక్కల్ని చీలలుగా దిగ్గొట్టారు.

వసంతంలో జనం రావడం మొదలయ్యేలోపు దాన్ని తీసెయ్యాలని కర్టిస్ కబురంపాడు. ఈసారి మనుషులతో వస్తానన్నాడు.

"రానీ. ఈసారి కాఫీ ఇవ్వను" అంది గ్లెనబా.

డెబ్భై ఏళ్ళ మనిషి చెయ్యగలిగిన పోరాటం అది. మిగతాది మనం చెయ్యాలి. చీలికలు చూడ్డానికి మన తెలుగువాళ్ళు కార్లేసుకుని ఇక్కడికి తండోపతండాలుగా వస్తున్నారు. రావద్దని నేననను. వచ్చేముందు, టికెట్టు కొనేముందు, అడగండి: ఎగువన ఎవరు చూస్తున్నారు? చూసినవాళ్ళ కబురు లోపలున్నవాళ్ళకి ఎలా అందుతుంది? లోపల ఎక్కడ ఎక్కి నిలబడాలి? నెత్తిమీది ఆకాశం చూపించి "ఎండగానే ఉందిగా" అన్నవాడితో దిగకండి. ఈ మూడింటికీ జవాబు చెప్పలేని కంపెనీకి మీ డబ్బు ఇవ్వకండి, ఎందుకివ్వడం లేదో రాసి పంపండి. "ఇవాళ వద్దు" అని వెనక్కి పంపిన గైడుతో పోట్లాడకండి, అతని వెనకాల నిలబడండి. మీ ఫొటో నడుమ ఎక్కడైనా ఒక గుంజ పడితే దాన్ని చెరపకండి. అలాగే పంపండి అందరికీ, అది అక్కడ ఎందుకుందో కింద రెండు ముక్కలు రాసి.